బడి ఎవరిది?

2010 చట్టంతో ఇంగ్లండులో తల్లిదండ్రులు, ధర్మసంస్థలు సర్కారు డబ్బుతో సొంతంగా బడి పెట్టే వీలు వచ్చింది. వాటినే ఫ్రీ స్కూళ్లన్నారు. 2011 సెప్టెంబరులో మొదటి 24 తెరిచారు.

దీనిమీద జనాభిప్రాయం అడిగే తీరే మాకు నచ్చలేదు. "మీ పిల్లల బడి మీరే నడుపుకుంటారా?" అంటే ఎవరు కాదంటారు? "శిక్షణ లేని పంతులైనా సరేనా?" అనీ అడగాలి. ఆ బడులు మొదలైనప్పుడు వాటిలో పంతులుకు శిక్షణ తప్పనిసరిగా ఉండేది కాదు మరి. ఆ 24లో ఒకటైన క్రాలీలోని డిస్కవరీ న్యూ స్కూలు 2014లో మూతపడింది. పిల్లలు చదువు మధ్యలో వేరే బడికి పోవాల్సి వచ్చింది.

బడి పెట్టాలంటే తీరిక, కాగితాల తెలివి కావాలి. కూలికెళ్లే తల్లికి అవెక్కడివి? మన విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. కొత్త బడికన్నా ముందు, ఉన్న బడిని అడిగే ఆ హక్కును మనం వాడుకోవాలి.