వీరగల్లుల వెతుకులాట

జపాన్‌లో ఊరూరి మ్యాన్‌హోల్ మూత మీదా ఆ ఊరి కోటో, పువ్వో, చేపో పోతపోసి ఉంటుంది. వాటిని చూడ్డానికే పనిగట్టుకుని రైళ్లెక్కి ఊళ్లు తిరిగేవాళ్లున్నారు. అలా తిరగాలనిపించే మనసుంటే మనకూ ఒక దారి ఉంది. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరే దారి అది. ఈ సీమలో చెరువుకట్టల మీద, పొలాల గట్ల మీద, చింతచెట్ల నీడన వీరగల్లులు నిలబడి ఉంటాయి. ఊరిని కాచో, యుద్ధంలో పోరాడో చచ్చిపోయిన మనిషికి నిలబెట్టిన రాయి వీరగల్లు.

చూడ్డం తెలిస్తే ప్రతి రాయీ ఒక కథ చెబుతుంది. నడిమధ్య వీరుడు ఉంటాడు. జుట్టు ముడి, నడుముకు బిగించిన దట్టీ, ఒక చేత విల్లు, మరో చేత కత్తి. పక్కన ఆవులుంటే మందల్ని తోలుకుపోయిన దొంగల మీదికి వెళ్లాడని అర్థం. ఎదురుగా పులి ఉంటే ఊరిమీద పడిన పులితో తలపడ్డాడు. గుర్రమో ఏనుగో ఉంటే రాజుల యుద్ధంలో పడ్డాడు. ఒంట్లో దిగబడిన బాణాలను కూడా కొన్ని రాళ్ల మీద విడివిడిగా చెక్కారు. శిల్పి ఆ చావును దాచలేదు. చచ్చేవేళ కూడా వీరుడి అడుగు ముందుకే వేయించాడు. కొన్ని రాళ్లలో బొమ్మలు అంతస్తులుగా ఉంటాయి: కింద పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు వీరుడు. శిఖరాన సూర్యచంద్రులు కనిపిస్తే, అవి ఉన్నంతకాలం ఈ పేరు ఉండాలని కోరుకున్నట్టు.

ఇక్కడి రాయి గ్రానైట్. ఉలికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే శిల్పి నగిషీల జోలికి పోకుండా బొమ్మ చుట్టూ ఉన్న రాతిని దిగగొట్టి, మనిషిని పల్చటి ఉబ్బుగా పైకి తెచ్చాడు. కళ్లూ ముక్కూ అరిగిపోయినా భుజం వంపు, విల్లు లాగిన బిగువు ఇప్పటికీ తెలుస్తాయి. గుళ్లలోని గొప్ప శిల్పాల పక్కన ఇవి మోటుగా ఉంటాయంటారు. నాకైతే ఆ మోటుదనంలోనే కదలిక ఎక్కువ కనిపిస్తుంది. శాసనం ఉంటే బొమ్మ పైనో, అంచుల వెంటో వరసలుగా సాగుతుంది.

మదనపల్లె దగ్గరి చిప్పిలి ఒకప్పుడు వైదుంబులనే రాజుల రాజధాని. 9వ శతాబ్దంలో వైదుంబ గండ త్రినేత్రుడి కాలంలో సోరెమడి అనేచోట పెద్ద యుద్ధం జరిగింది. బాణులూ వైదుంబులూ ఒకవైపు, నొళంబులూ గాంగులూ మరోవైపు. ఆ యుద్ధం మనకు తెలిసింది ప్రధానంగా వీరగల్లుల వల్లే. రాజుల ప్రశస్తుల్లో చోటు దొరకని బంట్ల పేర్లు వీటి మీద ఉన్నాయి. నన్నయ భారతానికి ముందటి తెలుగు ఎలా ఉండేదో కూడా ఇలాంటి రాతలే చెబుతాయి. చచ్చిన వీరుడి కుటుంబానికి భూమి ఇచ్చే ఆచారమూ ఉండేది. కన్నడ సీమలో దాన్ని నెత్తరు కొడగె అన్నారు.

కుప్పం చేరేసరికి మూడు భాషలు కలుస్తాయి. ఒకపక్క కోలారు, ఇంకోపక్క కృష్ణగిరి. కృష్ణగిరి, ధర్మపురి వైపు ఇవే నడుకల్లులు. వేడియప్పన్ పేరుతో పూజలందుకుంటాయి. కర్ణాటకలోని ఆతకూరులో దొరికిన 949 నాటి రాయి మీద, అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్క కథ ఉంది. మనుషులకు చేసిన గౌరవమే దానికీ చేశారు.

వెళ్లేవాళ్లు చలికాలం ఎంచుకుంటే మంచిది. ముళ్లకంపలు కాస్త ఎండి ఉంటాయి, తిరగడానికి ఎండ బాధ ఉండదు. రాయి దగ్గరికి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేరాలి. మిట్టమధ్యాహ్నం చదునుగా కనబడే బండ మీద ఏటవాలు ఎండ పడితే అక్షరాలు లేచి నిలుస్తాయి. దారి అడగాల్సింది గొర్రెల కాపరుల్ని. వీరగల్లు అంటే తెలియకపోతే, బొమ్మలున్న రాయి ఎక్కడుందని అడిగితే చాలు. పూజ జరిగే చోట చెప్పులు విడిచి, అడిగి ఫొటో తీసుకోవాలి. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం అసలు పనికిరాదు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే సరిపోతుంది. శాసనానికి తడి కాగితం పరిచి సిరాతో అచ్చు తీయడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

గుప్తనిధుల పిచ్చితో కొందరు ఇలాంటి రాళ్ల అడుగున తవ్వుతున్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొన్ని మట్టిలో కలుస్తున్నాయి. బెంగళూరులో ఔత్సాహికులు శాసనాల రాళ్లను త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరుస్తున్నారు; మన సీమకూ ఆ పని రావాలి. అంతవరకూ కొత్త రాయి కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఊరి పేరు, స్థలం రాసుకుని పురావస్తు శాఖకు తెలపండి. రాయిని మాత్రం కదిలించకండి. ఆ రాయి ఏ చెరువు దగ్గర, ఏ పొలిమేరన నిలబడిందన్నది కూడా దాని మీది కథలో భాగమే.