ఆటయంత్రములు – తరచు మార్పులు

వీడియో ఆటలకే ప్రత్యేకించిన యంత్రమును 'కన్సోల్' అందురు. దీని బలము వేగములో కంటె స్థిరత్వములో ఎక్కువగా ఉన్నది. అందరి యిండ్లలోను ఒకే యంత్రము ఉండుటచే, ప్రోగ్రాములు వ్రాయువారు దాని గుట్టు క్రమముగా గ్రహించి, అదే సామగ్రితో ఏటేట మెరుగైన ఆటలు చేయగలుగుదురు. 2000లో వెలువడిన ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి 2013 ఆరంభము వరకు సాగినది.

తరువాత ఈ పద్ధతి సడలినది. 2013 నాటి ప్లేస్టేషన్ 4కు మూడేండ్లకే 'ప్రో' అను శక్తిమంతమైన రూపము వచ్చినది. బొమ్మ స్ఫుటమైన మాట నిజమే. కాని ప్రతి ఆటయు పాతదానిపైన కూడ నడువవలసియున్నందున, కొత్త శక్తి చాలవరకు బొమ్మ మెరుగులకే వినియోగపడినది. ఆటను రెండింటిపైనను పరీక్షించు శ్రమ మాత్రము పెరిగినది.

ఆ నిర్బంధమును తొలగించిన నేమగును? నింటెండో వారు 2011లో 3డిఎస్‌ను, 2014లో 'న్యూ 3డిఎస్'ను విడుదల చేసిరి. 2015లో వచ్చిన 'జెనోబ్లేడ్ క్రానికల్స్ 3డి' కొత్తదానిపైననే ఆడును. పాతది కొన్న పిల్లలకు అది అందలేదు.

కనుక తొందరపడి మార్చినచో, కొత్త యంత్రము కొన్నవారో పాతది కొన్నవారో, ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. చెడని యంత్రము మూలబడుట అదనపు నష్టము. ఉన్నదానినుండి పూర్తి ఫలితము రాబట్టుటయు సాంకేతిక ప్రగతియే.