ఊరి పేరూ నామోషీ: ‘పెంట’ గ్రామనామాలపై ఒక పరిశీలన

తెలుగులో గ్రామనామ పరిశోధన స్థిరపడిన రంగం. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’, నెల్లూరు జిల్లా గ్రామనామాలపై యార్లగడ్డ బాలగంగాధరరావు కృషి, శాసనాధారంగా ఎస్.ఎస్. రామచంద్రమూర్తి చేసిన అధ్యయనం తర్వాతి పరిశోధకులకు దారి వేశాయి. పేరును పూర్వపదం, ఉత్తరపదంగా విడదీయడం, ప్రాచీనరూపాన్ని వెతకడం, ధ్వనిపరిణామాన్ని నిరూపించడం, ఆపైన జల, వృక్ష, జంతు, వ్యక్తి, కులవాచకాలుగా వర్గీకరించడం నేడు మనకు అలవాటైన పద్ధతి. ఈ పద్ధతి లేకపోతే వేలాది పేర్లు అర్థంకాని శబ్దాలుగానే మిగిలేవి. అయినా దానికి పట్టని ప్రశ్న ఒకటుంది. తన ఊరి పేరు నలుగురిలో చెప్పడానికి సంకోచించే మనిషి విషయంలో ఈ పరిశోధన ఏమంటుంది?

‘పెంట’ అనే పదాన్ని చూద్దాం. నేటి శిష్టవ్యవహారంలో దీనికి మిగిలింది మలినార్థమే. కానీ సేద్యం చేసే ఇంట్లో పెంట అంటే ఎరువు. వేసవిలో పొలానికి పెంట తోలడం రైతుకు పంట మీద పెట్టే మొదటి పెట్టుబడి. నల్లమలలో చెంచుల ఆవాసాలకు పెంటలనే పేరు. అప్పాపూర్ పెంట అంటే అక్కడి వారికి ఇళ్లూ మనుషులూ ఉన్న చోటు. అంటే ఈ పదం ఒక ప్రాంతంలో ఆవాసవాచి, ఒక వృత్తిలో సంపద, పట్టణంలో తిట్టు. ఈ మూడింటిలో మూడోదాన్నే పాఠ్యపుస్తకాల భాష, కార్యాలయాల భాష తమతో తెచ్చుకున్నాయి. ఊరివాడికి నామోషీ మొదలయ్యేది ఆ భాష ఎదురైన చోటనే.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి పెంటపాడు ఇంకా ఆసక్తికరమైన ఉదాహరణ. ఇందులో పూర్వపదమే కాదు, ఉత్తరపదం కూడా నేటి చెవికి ఎబ్బెట్టుగానే తోస్తుంది. గ్రామనామాలలో ‘పాడు’ ఊరిని సూచించే ఉత్తరపదమని విద్యార్థులకు చెబుతాం. వ్యవహారంలో మాత్రం పాడు అంటే చెడిపోయినది. ఇదే పేరు ఇంటిపేరుగా మారినప్పుడు ఔపవిభక్తిక ‘టి’ వర్ణకం చేరి ‘పెంటపాటి’ అవుతుంది. గుడిపాటి అన్న ఇంటిపేరులో ఎవరూ చెడిపోయిన గుడిని వెతకరు. వ్యాకరణం ఇక్కడ సగం నామోషీని తనంతట తానే దాచిపెట్టింది. మిగిలిన సగం పూర్వపదంలోనే ఉండిపోయింది, దాన్ని ఏ వర్ణకమూ దాచలేదు.

ఇలాంటి చోట మన వ్యాసాలు చేసే పని ఒకటే. వ్యవహారార్థాన్ని ‘లోకనిరుక్తి’ అని పక్కకు నెట్టి, మూలార్థాన్ని ‘అసలు అర్థం’గా ప్రకటిస్తాయి. భాషాచరిత్ర దృష్టితో ఇది సమంజసమే. చిక్కు ‘అసలు’ అనే మాటతో వస్తుంది. ఎన్నో తరాల కిందటి అర్థం అసలైతే, ఈ రోజు తరగతి గదిలో పిల్లవాణ్ణి నవ్వులపాలు చేసిన అర్థం ఏమవుతుంది? అతనికి జరిగిన అవమానం నిరుక్తి తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు. నవ్విన వారికి నిరుక్తి అక్కరలేదు.

ఈ వ్యాసకర్త అమ్మమ్మగారి ఊరి పేరులోనూ పెంట ఉంది. మా అమ్మ బస్సులో టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఆ పేరు చెప్పదు. ముందరి స్టేజి పేరు చెప్పి, అక్కడ దిగి, సంచులతో మిగిలిన దూరం నడుస్తుంది. పెంట ఆవాసవాచి అని, దాన్లో సిగ్గుపడవలసింది లేదని నేను ఎంతో ఉత్సాహంగా చెప్పినప్పుడు ఆమె అంతా విని, “ఆ ముక్క కండక్టరుకు చెప్పు బిడ్డా” అంది. పరిశోధకుడిగా నా దగ్గర దానికి జవాబు లేదు. ఈ వ్యాసంలో నేను ఆ ఊరి పేరు రాయలేదన్న సంగతి కూడా చిత్తుప్రతి ముగించాకే గమనించాను.

అయితే నామోషీ అంతా ఒక రకం కాదు. పెంట విషయంలో మాట మారింది, ఊరు మారలేదు. కులం పేరుతో ఏర్పడిన వాడల విషయం వేరు. అక్కడ పేరు చెప్పేదీ, చెప్పదలచుకున్నదీ ఒకటే. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెట్టినప్పుడు, ఊరికి బయట ఉంచిన చోటును గ్రంథం ముఖపత్రం మీదికి తెచ్చాడు. అది రచయిత ఎంచుకున్న పేరు. వాడలో ఉండేవారికి ఆ ఎంపిక లేదు. 2020లో మహారాష్ట్ర ప్రభుత్వం కులనామాలున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించడానికి కారణమూ ఇదే. ఇలాంటి పేరుకు అందమైన మూలార్థం చూపించి ఓదార్చబోవడం పరిశోధన అనిపించుకోదు. మన వర్గీకరణలో మాత్రం రెడ్డిపల్లి, మాలపల్లి ‘కులవాచకాలు’ అనే ఒకే శీర్షిక కింద పక్కపక్కనే చేరతాయి. ఒక పేరు అధికారాన్ని చాటుతుంది, మరొకటి వెలిని చూపుతుంది. పట్టికలో రెండింటికీ ఒకే గడి.

పేరు మార్పునే పరిష్కారంగా చూడడం నాకు సమ్మతం కాదు, కనీసం పెంట విషయంలో. చెంచుల ఆవాసం చివర ‘నగర్’ చేరిస్తే పోయేది మలినార్థం ఒక్కటే కాదు, ఆ ప్రజలు తమ నివాసాన్ని పిలుచుకునే మాట కూడా. కులనామపు వాడ విషయంలో ఆ అభ్యంతరం నిలవదు. ఏ పేరు ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించే హక్కు అక్కడ నివసించేవారిదే. పరిశోధకుడు తెలిసింది చెప్పగలడు, అంతవరకే.

క్షేత్రపర్యటనలో మనం ఊరి పెద్దలను సాధారణంగా అడిగేది పేరు ఎలా వచ్చిందనే. స్థలపురాణం, ఒక రాజు కథ, ఒక దేవర మహిమ రాసుకుని వస్తాం. బయటివారికి ఈ పేరు ఎలా చెబుతారు, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చెబుతారా, మండలం పేరుతో సరిపెడతారా, బడిలో పిల్లలు ఏం విన్నారు అన్న ప్రశ్నలు ప్రశ్నావళిలో చేరాలి. వాటిని పెద్దమనుషులను కాక అమ్మాయిలను, కొత్త కోడళ్లను అడగాలి. పుట్టింటి పేరు అత్తవారింట్లో మొదటిసారి పలకవలసి వచ్చేది వారికే.