రాజేశ్వరరావు రికార్డులు: పాట వెనుకనున్న మేళము

గ్రామఫోను రికార్డుమీది చీటిలో మనవారు వెదకినది గాయకుని పేరు. పాట వ్రాసినవారెవరని కొందరు అడిగిరి. స్వరపరచినవారెవరని అడిగినవారు మిక్కిలి కొద్దిమంది. వెనుక వేణువో, ఫిడేలో, తబలాయో వాయించినవారెవరని అడిగినవారు లేరనియే చెప్పవచ్చును. అడిగినను చెప్పుటకు ఆ చీటిపై సాధారణముగా వారి పేర్లు ఉండెడివి కావు. సాలూరి రాజేశ్వరరావుగారి రికార్డులను విమర్శింపబూనినవారు ఈ లోపమునుండియే మొదలుపెట్టవలెను. ఆయన గాయకుడు మాత్రమే కాడు. పాటను కట్టి మేళమును నడపినవాడు. ఆయన ప్రతిభలో సగము ఆ మేళములోనే యున్నది.

విజయనగరపు సీమలో సాలూరు చెంతనున్న శివరామపురము ఆయన స్వగ్రామము. 1935లో వచ్చిన 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున బాలకృష్ణుడై పాడి పేరు తెచ్చుకొనెను. అప్పటికి మన నాటకరంగమున గొప్ప గొంతుకయనగా చివరి వరుసవానికి వినబడు గొంతుక. రాగమును పొడిగించుటయు, పద్యమును ఎత్తి పట్టుటయు ప్రజ్ఞగా నుండెను. కాని 1925 ప్రాంతమునుండి రికార్డుల తయారీలో మైక్రోఫోను ప్రవేశించినది. చెవిలో చెప్పిన మాటవంటి పాటకు గూడ తావు దొరికినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషములే పట్టును. ఆ మూడు నిమిషములలో ఎత్తుగడ, చరణము, నడుమ వాద్యము, ముగింపు అన్నియు ఇమడవలెను. ఈ రెండు నియమములను చక్కగా గ్రహించిన తెలుగువారిలో రాజేశ్వరరావుగారు ముందువరుసలోనివారు.

ఆయన రావు బాలసరస్వతీదేవిగారితో పాడిన 'కోపమేల రాధా' అను యుగళగీతమును తీసికొనుడు. ఇందులో ఇరువురిలో ఎవరును గొంతు చించుకొనరు. బ్రతిమాలుట బ్రతిమాలుటవలెనే యున్నది. అలుక అలుకవలెనే యున్నది. మాటకు అడ్డుపడు సంగతులు లేవు. ఇంటిలో కూర్చుండి పాడుకొనదగిన పాట యిది. ఆడపిల్ల పాడినచో కులగౌరవము పోవునని భయపడిన యిండ్లలో ఇట్టి పాటలు రికార్డు రూపమున ముందుగదిలోనికి వచ్చినవి. పాటకత్తెను ఇంటికి రానీయనివారు ఆమె గొంతును రానిచ్చిరి. ఉపన్యాసములు చేయలేని మేలు కొంత ఇది చేసినదనుట అతిశయోక్తి కాదు.

దోషములను గూడ చెప్పవలెను. యౌవనమున ఆయన కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ మొదలగువారి గానమును దగ్గరనుండి విన్నారు. ఆ కాలపు ఆయన పాటలలో వంగదేశపు నిట్టూర్పు ఒక్కొక్కచోట తెలుగు మాటపై బరువుగా పడుచున్నది. ఎరువు తెచ్చుకొనుట తప్పు కాదు. తెచ్చినది తనదిగా జీర్ణమగువరకు అది ఎరువే. 1948లో జెమినీవారు విడుదల చేసిన 'చంద్రలేఖ'లోను ఈ చిక్కే కలదు. దేశివరుసలు, పాశ్చాత్యనృత్యపు వరుసలు, సర్కసు సంబరము ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచినవేగాని ఒకే చేతి పనిగా కలిసిపోలేదు. కాని ఆ చిత్రమునందలి భేరీనృత్యము వేరు. అచట లయ తానే కథ చెప్పుచున్నది. నృత్యపు వేగము పెరిగినకొలది, ఆ భేరుల లోపల దాగిన యోధులు ఎప్పుడు వెలికి వత్తురాయను ఆదుర్దాయు పెరుగుచున్నది. మేళమునే కవిత్వముగా చేయగల నేర్పు ఆయనకు కలదనుటకు ఈ ఘట్టము చాలును.

ఆ నేర్పు పరిపక్వమైనది 1951లోని 'మల్లీశ్వరి'యందు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు సుకుమారములు. బరువైన వాద్యము తగిలినచో నలిగిపోవును. విడిపోయిన నాయికానాయకులు మేఘమునకు తమ బాధ చెప్పుకొను పాటలో భానుమతిగారును ఘంటసాలగారును వేర్వేరు చోట్లనుండి పాడినట్లుండును. వారి నడుమ దూరమును కొలుచునది వాద్యము. వెనుకటి ఎరువు ఇచట సొంతసొమ్మయినది. ఈ చిత్రమునకు వాద్యబృందపు పని చూచినవారు అద్దేపల్లి రామారావుగారు. చిత్రమున ఆయన పేరు వేసిరి, మనము మరచితిమి. పాట నోట నిలిచినవారిలో ఎందరికి ఆ పేరు తెలియును?

ఇది కాలధర్మమనియు, ఎల్లదేశములందును ఇట్లే జరిగెననియు కొందరందురు. అమెరికాలో ఇదే కాలమున, ఇదే మూడు నిమిషముల రికార్డుతో పనిచేసిన డ్యూక్ ఎలింగ్టన్‌ను చూడుడు. ఆయనయు పాటలు కట్టి మేళమును నడపినవాడే. ఏ స్వరమును ఏ వాద్యకాని ఊపిరికి ఇచ్చిన శోభించునో యెరిగి వ్రాసెను. 1940లో తన బృందమందలి ట్రంపెట్ వాద్యకాడు కూటీ విలియమ్స్ కొరకు ఒక రచన చేసి, దానికి ఆ వాద్యకాని పేరే పెట్టెను. వర్ణద్వేషమువలన ముందు ద్వారమున ప్రవేశము దొరకని జాతి కళాకారులు వారు. అట్టివారు తమ తోటివాని పేరును రికార్డు నుదుటనే చెక్కిరి.

మనకేల ఆ బుద్ధి పుట్టలేదు? కారణము గ్రామఫోనుకంటె పాతది. దానిని మన యూళ్లలోనే చూడవచ్చును. నూజివీడు మామిడితోటల సీమలో ఆగిరిపల్లి కలదు. అచట శోభనాచలముపై నరసింహస్వామి వెలసియున్నాడు. ఆ కొండ పేరు మీర్జాపురము రాజాగారి చిత్రసంస్థకు ఎక్కినది. 1949లో ఘంటసాలగారి సంగీతముతో 'కీలుగుఱ్ఱము' ఆ పేరుతోనే వెలువడినది. కాని స్వామి కల్యాణమునకు సన్నాయి ఊదినవాని పేరు, డోలు కొట్టినవాని పేరు ఏ శిలపై నెక్కినవి? ఆంధ్రదేశమున ఆ విద్యను తరతరములుగా కాపాడినవారిలో అధికులు నాయీబ్రాహ్మణులు. మంగళసూత్రధారణకు వారి స్వరము కావలెను. భోజనపంక్తిలో వారి ప్రక్కన కూర్చుండుటకు మనసు రాదు. "మేళమును పిలిచితిరా?" అని అడుగుదుముగాని ఫలానావానిని పిలిచితిరా అని అడుగము. మనిషిని మేళమని పిలుచుటకు అలవాటుపడిన చెవి, రికార్డు వినునప్పుడును గాయకునితోనే ఆగిపోవుటలో వింత లేదు. చీటిమీద పేరు లేకుండుట అచ్చుకూటపు పొరపాటు కాదు. మన సంఘపు పొరపాటు.

రాజేశ్వరరావుగారు 1999లో కీర్తిశేషులైరి. ఆయన పాటలు నేటికిని వినబడుచున్నవి. పెండ్లి బ్యాండులో క్లారినెట్టు మాటలు లేకయే వానిని పలికించుచున్నది. మాట తీసివేసినను నిలుచుట వరుసకు పెద్ద పరీక్ష. ఆయన వరుసలు దానిలో నెగ్గినవి. ఇక పరీక్ష మనది. ఆనాటి లక్క రికార్డులు పగులునవి, అరుగునవి. అవి ఉన్నయిండ్లవారు చీటిపై నున్న ప్రతి యక్షరమును వ్రాసియుంచవలెను. స్టూడియోలలో వాయించినవారి కుటుంబములవారు తమ పెద్దలు ఏ పాటకు ఏ వాద్యము పట్టిరో జ్ఞాపకమున్నంతవరకు లిఖింపవలెను. ఇంట శుభకార్యము తలపెట్టినవారు ఆహ్వానపత్రికలో పురోహితుని పేరు వేసినచో సన్నాయి విద్వాంసుని పేరును వేయవలెను. పంక్తిలో ఆయనకును విస్తరి వేయవలెను. దీనికి శాసనమక్కరలేదు, ధనమక్కరలేదు. పేరు అడిగి తెలిసికొనుట చాలును.