నమాజును గుండెయు

నమాజు చేయువారికి గుండెజబ్బు రాదని చాటెడి చిన్నపుస్తకములు కొన్ని మా కంటబడినవి. సూర్యనమస్కారములకును ఇట్టి పొగడ్తలే కలవు. ఉదయగిరి కొండమీది చిన్నమసీదును, పెద్దమసీదును, ఆత్మకూరు చెంతనున్న అనుమసముద్రంపేట దర్గాను ఎఱిగిన చదువరులకు ఈ మాటలో నిజమెంతయో విచారించి చెప్పుట మా విధి.

నిజము లేకపోలేదు. మనుజుడు నిలువబడగనే నెత్తురు కాళ్లవైపు దిగును. గుండె వడిగా కొట్టుకొని ఆ కొఱతను సరిపెట్టును. రుకూలో నడుము వంగును. సజ్దాలో నుదురు నేలనంటి, తల గుండెకంటె క్రిందికి వచ్చును. కాళ్లలోని నెత్తురు సులభముగా గుండెకు మరలును. మెడలోని రక్తనాళములయందుండు నాడులు ఒత్తిడిని కనిపెట్టి గుండెను నెమ్మదింపజేయును. దినమునకు విధియైన రకాతులు 17. రకాతునకు రెండేసి చొప్పున సజ్దాలు 34. మలేషియాలోని మలయా విశ్వవిద్యాలయమువారు 30 మందిని పరీక్షించి, గుండె వడి నిలిచినపుడు హెచ్చుగను, సజ్దాలో తక్కువగను ఉండెనని 2013లో ప్రకటించిరి.

పుస్తకకర్తలు ఇంతటితో నిలువరు. క్షణకాలపు మార్పునే చికిత్స యనుచున్నారు. ముప్పదిమంది నాడిని కొలిచినంతమాత్రాన రోగము మానెనని సాక్ష్యము దొరకునా? పెద్దలకు వారమునకు 150 నిమిషములైనను ఒకమోస్తరు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది; నమాజులోని కదలిక అంతకంటె తేలికైనది. ఉదయగిరి కొండ నెక్కి మసీదు చేరుటయే గుండెకు ఎక్కువ పని!

వారు చెప్పని అపాయ మొకటి కలదు. రక్తపుపోటుకు మందు తినెడి వృద్ధుడు సజ్దానుండి చటుక్కున లేచినచో నెత్తురు ఒక్కసారిగా దిగి కన్నులు తిరుగును. పడి ఎముక విఱుగవచ్చును. నిలువలేనివాడు కూర్చుండియు, కూర్చుండలేనివాడు పరుండి సైగలతోను నమాజు చేయవచ్చునని వారి ధర్మశాస్త్రమే అనుజ్ఞ నిచ్చినది. భంగిమయే మందైనచో, మంచము పట్టినవాని నమాజు తక్కువది కావలెను. ఏ మౌల్వి అట్లనును? భక్తిని పొగడబోయి దానిని కసరత్తుగా దిగజార్చుట మాకు సరిపడలేదు.

ఱొమ్ము పట్టి, చెమట పోసి, ఎడమచేయి లాగునపుడు ఉదయగిరివాడు నెల్లూరు చేరుటకు సుమారు 100 కిలోమీటర్లు పోవలెను. అట్టివాడు మాత్రలు మాని, ఈ పుస్తకమును నమ్మి, ఇంకొక నమాజు చూచి పోదమని గడియసేపు జాగుచేసినచో ఆ గడియకు ఎవరు బాధ్యులు?