పొత్తు కుదరని కొవ్వులు

పశ్చిమ గోదావరిలో కొబ్బరి చెట్ల నీడన కోకో పెంచుతారు. ఒకే నేల, ఒకే నీరు. ఆ రెండు పంటల కొవ్వుల్నీ ఒకే గిన్నెలో కరిగిస్తే మాత్రం పొత్తు కుదరదు. ఇంట్లో చాక్లెట్ చేసుకునే నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

మంచి చాక్లెట్‌లో కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొబ్బరి నూనె 25 దగ్గరే కరిగిపోతుంది. రెండూ కలిస్తే గట్టిదనం నడిమధ్యన ఉంటుందనుకుంటాం. ఉండదు. కొన్ని పాళ్లలో ఆ మిశ్రమం రెండింటికన్నా మెత్తబడుతుంది. కోకో వెన్నలో ఎక్కువ భాగం అణువులది ఒకే తీరు: కొసల్లో నిటారైన సంతృప్త ఆమ్లాలు, నడుమ వంపు తిరిగిన ఓలియిక్ ఆమ్లం. అందుకే దగ్గరదగ్గరగా పేరుకుంటాయి. కొబ్బరి నూనెలో సగానికి సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసులో కార్బన్లు 12, కోకోవాటిలో 16, 18. పొడుగు ఇటుకల వరసలో పొట్టి ఇటుకలు దూర్చినట్టు, గోడ నిలవదు.

పైగా కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకడుతుంది. మనకు కావలసింది ఐదోది, విరిస్తే టప్పున విరిగేది. 45 డిగ్రీలు దాటేలా కరిగించి, 27కు చల్లార్చి, మళ్లీ 31కి వెచ్చబెడితే నాసి స్ఫటికాలు కరిగి అది మిగులుతుంది. వేరుశనగ నూనె పడిందా, మామూలు వేడిలో అది గడ్డకట్టదు కనుక మొత్తం పలచబడుతుంది. నిల్వలో పైన తెల్లటి పొర కూడా త్వరగా తేలుతుంది. అయినా గింజల ముద్ద కలిపిన మెత్తటి చాక్లెట్ రుచి నాకు ప్రాణం. అక్కడ మెత్తదనమే కావాలి.

కోకో వెన్నతో ఇమిడిపోయే కొవ్వులూ ఉన్నాయి. యూరప్ దేశాల 2000 నాటి చాక్లెట్ నిబంధనలు ఆరు కొవ్వుల్ని 5 శాతం దాకా అనుమతించాయి. అందులో మామిడి జీడి కొవ్వు, సాల గింజల కొవ్వు ఉన్నాయి. కొబ్బరి నూనెకు ఐస్‌క్రీమ్ మీద పోసే చాక్లెట్‌లో మాత్రమే చోటు. అంత చలిలో మెత్తదనం మేలే చేస్తుంది.

మామిడి మనది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో రసం తీశాక మిగిలే టెంకల్లోనే ఆ జీడి ఉంది. దాని కొవ్వు మాలాంటి చిన్న తయారీదారులకు కిలోల లెక్కన, శుద్ధి చేసి, చుట్టుపక్కల ఊళ్లలోనే దొరకాలి. తోటల వాళ్లూ ఫ్యాక్టరీల వాళ్లూ తలచుకుంటే అది జరిగే పనే.