కొలంబియా దుర్ఘటన నివేదిక: ఒక విమర్శ

రోదసీ యాత్రలో మనుష్యులు మరణించినప్పుడు యంత్రంలో ఏ భాగం విరిగినదని అడగటం సహజం. ఆ భాగం పేరు తెలియగానే విచారణ ముగిసినదనుకోవటం కూడ అంతే సహజం. 2003 ఆగస్టులో అమెరికాలో వెలువడిన కొలంబియా దుర్ఘటన విచారణ సంఘం నివేదిక అక్కడ ఆగలేదు. అడ్మిరల్ హెరాల్డ్ గేమన్ అధ్యక్షతన పదమూడుగురు సభ్యులు సిద్ధం చేసిన ఈ నివేదిక మొత్తం ఆరు సంపుటాలు. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ పనికివచ్చేది మొదటి సంపుటం. ఈ విమర్శ దానిని గురించే.

జరిగినది చాలమందికి తెలిసినదే. కొలంబియా నౌక 2003 జనవరి 16న బయలుదేరినది. దాదాపు 82 సెకండ్లు గడచేసరికి, ఇంధనపు తొట్టిపై ఉష్ణనిరోధం కొరకు పూసిన నురుగు పదార్థపు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలినది. నౌక పదహారు రోజులు భూమిచుట్టూ తిరిగినది. ఫిబ్రవరి 1న వాతావరణంలోనికి తిరిగి ప్రవేశించినప్పుడు రెక్క రంధ్రం గుండా దహించే వాయువులు లోపల జొరబడినవి. టెక్సాస్ మీద, భూమికి 60 కిలోమీటర్ల ఎత్తున, నౌక ఛిన్నాభిన్నమైనది. మన కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించినారు. దిగవలసిన సమయానికి ఇంకా పదహారు నిమిషాలు మాత్రమే ఉన్నది.

ఆ ముక్క బరువు ముప్పాతిక కిలో. చేతితో నొక్కితే సొట్టపడే పదార్థం. అది రెక్కను ఎట్లా పగులగొట్టగలదు? మూడవ అధ్యాయం ఈ ప్రశ్నకిచ్చిన సమాధానం ఏ భౌతికశాస్త్ర తరగతికైనా అందం తెస్తుంది. ఊడిన ముక్క తేలికైనది కాబట్టే గాలి దాని వేగాన్ని క్షణంలో బాగా తగ్గించివేసినది. నౌక మాత్రం ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో ముందుకు పోతూనే ఉన్నది. అంటే ముక్క రెక్కను గుద్దినదనటంకంటె, వెనుకనుండి వచ్చిన రెక్కే ముక్కను గుద్దినదనటం సబబు. రెండింటి వేగాల తేడా గంటకు సుమారు 545 మైళ్ళు. గతిశక్తి సూత్రంలో ఈ అంకెలు వేసి చూడండి, దాదాపు 22,000 జౌళ్ళు వస్తుంది. యాభై కిలోల మనిషి నలభైఅయిదు మీటర్ల ఎత్తునుండి పడితే నేలకు తగిలే దెబ్బ అంత. ముక్క బరువైనదే అయితే ఇంత త్వరగా వెనుకబడేది కాదు. తేలికదనమే ప్రమాదమైన ఇట్టి ఉదాహరణలు పాఠ్యపుస్తకాలలో అరుదు.

అయినా సంఘం లెక్కతో తృప్తిపడలేదు. 2003 జూలై 7న సాన్ ఆంటోనియోలో ఒక వాయుఫిరంగితో అంతటి ముక్కనే నిజమైన రెక్క ఫలకంపైకి పేల్చినారు. సుమారు పదహారు అంగుళాల రంధ్రం పడినది. అంతవరకు ‘నురుగు అంత పని చేయలేదు’ అన్నవారి వాదానికి ప్రయోగమే జవాబు చెప్పినది.

నివేదికకు ప్రాణమనదగినవి తరువాత వచ్చే ఆరు, ఏడు, ఎనిమిది అధ్యాయాలు. నురుగు ఊడటం కొత్త కాదు. 2002 అక్టోబరులో కూడ అదే చోటనుండి ఊడి పక్క రాకెట్టుకు తగిలినది. తగిలినా నౌక క్షేమంగా వచ్చినది గనుక దానిని పెద్ద లోపంగా లెక్కించలేదు. ప్రతిసారీ బ్రతికి బయటపడటమే భద్రతకు సాక్ష్యమైనది. 1986లో 73 సెకండ్లకే కూలిన ఛాలెంజర్ విషయంలో రబ్బరు వలయాల కథ ఇదే. ‘చరిత్రే కారణం’ అని ఎనిమిదవ అధ్యాయం ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. రెండు విచారణలలోనూ సభ్యురాలుగా ఉన్న సాలీ రైడ్‌కు ఈ పోలిక ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

నౌక పైన తిరుగుతుండగానే కొందరు ఇంజనీర్లు రెక్కకు ఫోటోలు తీయించమని మూడుమార్లు ప్రయత్నించినారు. ఫలించలేదు. ప్రమాదం ఉన్నదని మీరు రుజువు చేయండి అన్నారు. రుజువుకు ఫోటోలు కావలె, ఫోటోలు కావలెనంటే ముందు రుజువు కావలె! క్షేమమని చెప్పేవారు రుజువు చేయవలసినది పోయి, అపాయమని శంకించేవారిపై భారం పడినది. నివేదికలో ఇంతకంటె పదునైన పరిశీలన మరొకటి లేదు.

ఏడవ అధ్యాయంలో ఒక చిన్న పెట్టెలో ఎడ్వర్డ్ టఫ్టీ విమర్శ ఉన్నది. అధికారులకు తెరపై చూపిన ఒక పుటను ఆయన విడదీసి పరీక్షించినాడు. తగిలిన ముక్క, పూర్వం పరీక్షలలో వాడిన ముక్కకంటె 640 రెట్లు పెద్దది. ఈ సంగతి పుట అట్టడుగున చిన్న అక్షరాలలో నక్కి ఉన్నది, పైన శీర్షిక మాత్రం ధైర్యం చెబుతున్నది. ‘గణనీయం’ అనే మాట ఆ ఒక్క పుటలో అయిదుసార్లు వేర్వేరు అర్థాలలో వాడినారు. విద్యార్థులచేత ప్రయోగశాల నోటుపుస్తకాలు వ్రాయించే ఉపాధ్యాయులు ఈ పెట్టెను తప్పక చదువవలె.

ఇక లోపాలు. నివేదిక ‘సంస్కృతి’ అనే మాటను బహుళంగా వాడుతుంది. సంస్థ సంస్కృతి కూడ నురుగుతో సమానమైన కారణమని తీర్పు. తీర్పు నిజమే కావచ్చు. కాని సంస్కృతి ఎవరి సంతకంతో అమలవుతుందో చెప్పటంలో నివేదిక సంకోచించినది. సాక్షులు నిర్భయంగా మాట్లాడటానికి వాఙ్మూలాలను రహస్యంగా ఉంచినారు. నిజం బయటికి వచ్చినది గాని, బాధ్యత మాత్రం పలుచబడి అందరిమీదా పరచుకున్నది. ఇది సంఘం తెలిసి చేసిన బేరమే అనుకుంటాను. అయినా పాఠకునికి వెలితి తోచక మానదు.

రక్షించే వీలుండెనా అన్న చర్చ మరొకటి. బొగ్గుపులుసు వాయువును పీల్చే డబ్బాలు ఫిబ్రవరి 15 దాకా సరిపోయేవి. అట్లాంటిస్ నౌకను త్వరపెడితే ఫిబ్రవరి 10 నాటికే పంపవచ్చునని లెక్క. ఇది చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది. కాని ఈ లెక్కకు ఏడవ రోజుకే రంధ్రం బయటపడి ఉండవలె, ఒక్క ఆటంకమూ రాకూడదు. పైగా అట్లాంటిస్ తొట్టికీ అదే నురుగు. ఏడుగురికొరకు మరి నలుగురిని దానిక్రిందనే కూర్చోబెట్టి పంపటం న్యాయమా? ఈ చిక్కును ఇంకా విడమరచవలసినది.

ఎనిమిదవ రోజున నురుగు తగిలిన సంగతి నౌకా నాయకునికి తెలియజేసినారు, చింతించనవసరంలేదని కూడ వ్రాసినారు. తరువాత, ఆఖరి నిమిషాలలో వారికి ఏమైనది? ఈ సంపుటంలో దానిని గురించి చెప్పినది స్వల్పం. పూర్తి వివరాలు 2008 డిసెంబరులో నాసా వేరుగా ప్రకటించిన నివేదికలోగాని రాలేదు. ముగ్గురు చేతితొడుగులు వేసుకొనలేదు, ఒకరు శిరస్త్రాణం పెట్టుకొనలేదు, పెట్టుకున్నవారు కూడ ముఖఫలకాలు దించుకొనలేదు. గదిలో గాలి ఒక్కసారిగా పోయినప్పుడు ఆ దుస్తులు వారికి అక్కరకు రాలేదు. మొదటి సంపుటం చదివినవారు ఈ రెండవ నివేదికను కూడ దానిపక్కనే పెట్టుకొని చదవటం మంచిది.